మట్టిబుర్ర అడిగిన ప్రశ్నలు

"త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే నూట ఎనభయ్యే ఎందుకవ్వాలండీ? నూట తొంభై అయితే ఏం పోయింది?"

కంప్యూటర్లో ఆ ప్రశ్న చూసి లెక్కల టీచరు నుదురు కొట్టుకుంది.

అడిగినవారి పేరు దగ్గర 'మట్టిబుర్ర' అని ఉంది.

ఇంటర్నెట్‌లో దొరికే మంచి పాఠాల వీడియోలు, లెక్కల ఆటలు, అభ్యాస పత్రాలు ఏరి ఏరి ఒక పేజీలో చేర్చి, దానికి 'లెక్కల గది' అని పేరు పెట్టి అప్పటికి వారం. ప్రతి పాఠం కిందా సందేహాలు రాసుకోవడానికి చోటుంచింది. ఎవరైనా రావచ్చు, ఏ పేరుతోనైనా అడగవచ్చు.

తన క్లాసులో ముప్పై ఎనిమిది మంది. ఒక్కరూ అడగలేదు.

నిరుడు పదో తరగతిలో సగానికి సగం లెక్కల్లోనే తప్పారు.

"ఈ ఏడూ ఇంతేనైతే మన బళ్ళో పదో తరగతి ఎత్తేస్తారమ్మా," అని హెడ్మాస్టరు ముందే చెప్పేశాడు.

"అర్థమైందా?" అని అడిగితే ముప్పై ఎనిమిది తలలూ గంగిరెద్దుల్లా ఊగేవి. పరీక్ష పెడితే తెల్లకాగితాలు తిరిగొచ్చేవి.

టీచరు ఓపిగ్గా ఒక కాగితపు త్రిభుజం కత్తిరించి, మూడు మూలలూ చింపి, పక్కపక్కన పేర్చి ఫోటో పెట్టింది. మూడూ కలిసి ఒకే గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి.

"త్రిభుజం పెద్దదైతే?" అని మట్టిబుర్ర.

పెద్దది కత్తిరించింది.

"బక్కదైతే?"

బక్కదీ కత్తిరించింది.

స్టాఫ్ రూములో సైన్సు టీచరు నవ్వాడు. "ఎవరో మీ ఓపిక్కి పరీక్ష పెడుతున్నారు మేడమ్."

"మనవాళ్ళయితే కాదు. మనవాళ్ళకి నోరు పెగిలితేగా."

మర్నాడు భిన్నాల పాఠం కింద ఇంకొకటి.

"భిన్నంతో భాగించమంటే దాన్ని తలకిందులు చేసి గుణిస్తారేమండీ? అదేం పాపం చేసింది?"

పిల్లలకు ఇదొక కాలక్షేపమైపోయింది. "టీచర్, మట్టిబుర్ర ఇవాళ ఏమడిగాడు?" అంటూ క్లాసు మొదలయ్యేది. ఒకరి మీద ఒకరు పడి నవ్వేవారు. నవ్వుతూనే జవాబు కోసం చెవులు రిక్కించేవారు.

ఆ చెవుల సంగతి టీచరు గమనించలేదు. తన పని రెట్టింపైన సంగతే గమనించింది.

ఒకరోజు ఇక ఉండబట్టలేక రాసేసింది. "ఇది పదో తరగతి పేజీ. మీరు ముందు ఐదో తరగతి చదువుకుని రండి."

గంట తర్వాత జవాబొచ్చింది.

"సరేనండీ. ఈ ఒక్కటీ చెప్పండి, వెళ్ళిపోతాను. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది?"

టీచరు కీబోర్డు మీద చేతులు పెట్టింది. మళ్ళీ తీసేసింది.

పన్నెండేళ్ళుగా ఆ సూత్రం చెబుతోంది. ఎందుకో తనకే తెలియదని ఆ క్షణాన తెలిసింది.

రెండు రోజులు కనబడిన వెబ్‌సైటల్లా గాలించింది. మూడోరోజు ఒక బకెట్ అడుగున చిల్లు పెట్టి, నీళ్ళు కారిపోతుంటే ఫోనులో వీడియో తీసి, దాన్ని వెనక్కి నడిపి పేజీలో పెట్టింది.

"నీళ్ళు తగ్గడం ఒక మైనస్. వీడియో వెనక్కి నడవడం ఇంకో మైనస్. చూడండి, బకెట్ నిండుతోంది."

సాయంత్రానికి దాని కింద ఒక మాట కనిపించింది. మట్టిబుర్రది కాదు. ఏడాదంతా పెదవి విప్పని ఆఖరి బెంచీ అమ్మాయిది.

"నాకూ ఏడో తరగతి నుంచి ఇదే డౌటు టీచర్. నవ్వుతారని అడగలేదు."

దాని కింద మరొకరు. ఆ కింద నలుగురు. నెల తిరిగేసరికి రెండొందల ప్రశ్నలు. ఒకరి సందేహం ఇంకొకరు తీర్చడం మొదలుపెట్టారు. క్లాసులో తలలు ఊగడం మానేసి చేతులు లేవడం మొదలైంది.

మట్టిబుర్ర మాత్రం మళ్ళీ కనబడలేదు.

ఫలితాలొచ్చాయి. ముప్పై ఎనిమిదికి ముప్పై ఎనిమిది మందీ పాస్. ఆఖరి బెంచీ అమ్మాయికి తొంభై నాలుగు. హెడ్మాస్టరు బడిగంట తనే అందుకుని కొట్టాడు, కొట్టి కొట్టి ఆపడం మరిచిపోయాడు. పక్క బడుల టీచర్లు 'లెక్కల గది'కి వరస కట్టారు. "సైన్సుకీ ఒక గది కడదాం మేడమ్," అని సైన్సు టీచరే వచ్చి అడిగాడు.

సెలవులయ్యాక పెట్టిన అభినందన సభకు ముందు టీచరు పేజీలో రాసింది. "మట్టిబుర్ర గారూ, ఆ రోజు నోరు జారాను. సభకి తప్పకుండా రండి. మొదటి వరసలో మీకో కుర్చీ ఉంచుతాను."

సభరోజు ఆ కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"మట్టిబుర్ర గారంటే మీరేనాండీ?"

"నాకంత బుర్రెక్కడిదమ్మా. అది మా ఆవిడ. కిందటి నెల కాలం చేసింది."

టీచరు పక్క కుర్చీలో కూలబడింది.

"ఆవిణ్ణి అనరాని మాట అన్నానండీ."

"అది నాకు చదివి వినిపించి మరీ నవ్వింది. మీ బకెట్ నిండిన రోజైతే ఆస్పత్రి మంచం మీద చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల రాసిందాన్ని చూసి, 'ఇక నాతో పని లేదు' అని ఫోను నా చేతికిచ్చేసింది. ఫలితాలు మాత్రం నాతో రెండుసార్లు చదివించుకుంది."

వేదిక మీద టీచరు పేరు పిలిచారు. ఆమె లేవలేదు.

"ఇంతకీ ఆవిడ ఏం చేసేవారండీ?"

"ముప్పై నాలుగేళ్ళు," అన్నాడు పెద్దాయన, "లెక్కల టీచర్లకి పాఠం చెప్పడం నేర్పిందమ్మా."