తొలి ముద్ద

“ఒక్క ముద్ద, ఆపా. నోట్లో పెట్టుకుంటే పాణం పోతాదా?”

బిర్యానీ పళ్లెం పట్టుకుని నియాజ్ అక్క ముందు నిలబడ్డాడు. చిత్తూరు షాదీఖానాలో వంటల దగ్గర చేరిన చుట్టాలంతా ఇటు తిరిగారు. వాళ్ల ఇళ్లలో ఏ పెళ్లయినా బిర్యానీ డేగిసా మూత తీసేది ఇంటికి పెద్దావిడ. తొలి ముద్ద తినేదీ ఆమే. ఆమె తిన్నాకే పెళ్లివారికి వడ్డన. ఆయిషా బీ మూత తీసింది, దువా చదివింది, పళ్లెం మాత్రం అందుకోలేదు.

“తినను,” అంది.

“నా బిడ్డ పెండ్లి ఇది. గుల్నాజ్‌ని సంకనేసుకోని పెంచినదానివి నువ్వు.”

“పెంచినా. కాదన్లేదే. పొద్దున్నించి పొయ్యి కాడ నిలబడి వండించినా గూడా. తినను, అంతే.”

బంధువుల్లో ఏ పెళ్లి బిర్యానీకైనా ఆయిషా బీ చెయ్యి పడాల్సిందే. ఈసారి ఉప్పు చూసింది మాత్రం ఆమె కోడలు షగుఫ్తా.

ఇదంతా ఎండాకాలంలో మొదలైంది. వేలూరు ఆసుపత్రిలో ఆయిషా బీకి స్కానింగ్ తీశారు. కాలేయానికి కొవ్వు పట్టిందని, తిండి మార్చుకుని రోజూ నడవడం తప్ప వేరే దారి లేదని డాక్టరమ్మ చెప్పింది. బస్సు దిగిన ఆయిషా బీ ఇంటికి కూడా పోకుండా నేరుగా మార్కెట్‌కు వెళ్లింది. సంచి నిండా బీరకాయలు, మునగాకు, రాగులు తెచ్చి వంటింట్లో గుమ్మరించింది. డాల్డా డబ్బా ఆ రోజే గడప దాటింది.

“అమ్మీ, ఇది ఇల్లా, మేకల దొడ్డా?” అన్నాడు కొడుకు తౌసిఫ్, పళ్లెంలో ఆకుకూర చూసి.

“మేకని ఇన్నేండ్లు తింటివి గదా. అది తినేది గూడా ఒకసారి తిని సూడు.”

నిజం చెప్పాలంటే మొదట్లో ఆమెకే గొంతు దిగలేదు. పక్కింట్లో కోడి కూర తాలింపు పడితే కిటికీ మూసుకుని కూర్చునేది. మెల్లగా నాలుక దారికొచ్చింది. చెక్కు తీసి పారేసే బీరకాయ తొక్కుతో ఎంత మంచి పచ్చడి అవుతుందో, పొట్టు తియ్యని పెసలు నెయ్యి లేకుండానే ఎంత కమ్మగా ఉడుకుతాయో, దంపుడు బియ్యం నమిలేకొద్దీ ఎలా తియ్యబడుతుందో ఇన్నేళ్లకు తెలిసింది. చుట్టాలందరి పెళ్లిళ్లకు వండిన తనకు కూరగాయల రుచి ఇంత ఆలస్యంగా తెలియడమేమిటని తన మీద తనకే కోపం వచ్చింది. మిద్దె మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. మోకాళ్ల పట్టు వదిలింది.

వీధి ఊరుకుంటుందా? “ఈ వయసులో సన్నబడి ఎవురికి సూపిస్తావు ఆయిషా?” అంది ఎదురింటి వసంతమ్మ.

“అద్దానికి,” అంది ఆయిషా బీ.

నవ్వేవాళ్లను ఆమె పూచికపుల్లంత కూడా లెక్కచెయ్యలేదు. కానీ నియాజ్ మాట వేరు. ఏడాదిగా అతనికి ఒంట్లో బాగాలేదు. కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, నాలుగడుగులేస్తే కూర్చోవాలి. తను ఉంటాడో లేడోనని కూతురి పెళ్లి ముందుకు జరిపాడు.

“నేను పోతా ఉండా ఆపా. ఈడ అందురికీ తెలుసు,” అన్నాడు. “పొయ్యేవాడు అడిగిన ముద్ద నీకు బరువైపాయ. నువ్వు మాత్రం నూరేండ్లు బతకాలని ఆకులు మేస్తా ఉండావు.”

ఆ మాట ఆయిషా బీ గుండెలో గుచ్చుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా చెయ్యి చాపలేదు. తన నోటి సంగతి తనకు తెలుసు. అది ఒక్క ముద్దతో ఆగే నోరు కాదు.

“అవును, బతకాలనే తింటా ఉండా,” అంది తలెత్తి, అందరికీ వినబడేలా. “ఈ ఒళ్లు నాది. దీంట్లోకి ఏం పోవాల్నో నేనే సెప్తా. ఇంగెవురూ సెప్పొద్దు.”

“అట్లయితే ఇంగ నా గడప తొక్కొద్దు.”

“సరే.”

గుల్నాజ్ నుదుటిన ముద్దు పెట్టి బయటికి నడిచింది. “తమ్ముడు అట్లుంటే దానికి దాని పాణమే తీపి,” అని వెనక ఎవరో అన్నారు. ఆమె తిరిగి చూడలేదు. ఇంటికొచ్చి రాగిసంగటి, మునగాకు పప్పు పెట్టుకుని కడుపునిండా తింది. తిన్నంతసేపూ ఏడ్చింది.

వారం తిరక్కుండానే ఒక్కతే వేలూరు బస్సెక్కింది. మళ్లీ స్కానింగ్, మళ్లీ రక్తపరీక్షలు. డాక్టరమ్మ పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

“కొవ్వంతా పోయిందే! ఏం తిన్నారు?”

“ఆకులు. తిట్లు గూడా.”

డాక్టరమ్మ నవ్వింది. “ఇంట్లో ఎవరికైనా చెప్పారా?”

“ఇంగా లేదు. పోయినసారి పనికిరాదంటిరి. ఈసారీ అట్లే అంటే ఊరికే ఆశ పెట్టినట్టయితాది. ముందు మీరు తేల్చండమ్మా.”

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“మీ కాలేయంలో సగం మీ తమ్ముడికి పెట్టొచ్చు.”