మూడు దినాల గడువు

“మూడు దినాలు బిట్టు రామ్మా,” అన్నాడు తాలూకాఫీసు కిటికీ అవతల గుమాస్తా కొట్రేశ్, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

కోర్టులో గెలిచిన ఎకరాకు భూమి రికార్డు పహణీలో తన పేరు ఎక్కించమని కప్పగల్లు నుంచి గౌతమి రావడం అది ఆరోసారి. ఆరుసార్లూ విన్నది మూడు దినాలు పోయాక రమ్మనే అదే మాట, చూసింది అతని నడినెత్తి.

“అంత పనిగా ఏం చూస్తాండావప్పా?”

“చెస్సు. ఒకేసారి నలభై ఆటలు నడుస్తాండాయి. ఎత్తుకు మూడు దినాలు టైము. అందరూ బిరబిరా ఆడతారు, ఒక్కడు మాత్రం ప్రాణం తీస్తాండాడు. వానితో తొమ్మిది ఆటలు, అన్నిట్లోనూ నాదే గెలుపు. ఓడిపోతినని ఒప్పుకోడు. మూడో దినం ముగిసే గంటలో ఒక ఎత్తు వేసి పోతాడు.”

“ఎన్నాళ్ల నుంచి?”

“రెండు నెలలు. గెలిచింది చేతికి రాకుంటే ఎంత మంటగా ఉంటుందో నీకేం తెలుసమ్మా.”

గౌతమి తన ఫోను కిటికీలోంచి అతని ముందు పెట్టింది. అందులో అవే తొమ్మిది ఆటలు. రెండోసారి వచ్చినప్పుడు ఆటలో అతను పెట్టుకున్న పేరు అతని ఫోన్లో చూసుకుపోయి, పావులు ఎట్లా నడుస్తాయో మాత్రం నేర్చుకుని, అతనితో ఆటకు దిగింది. గెలవడం ఆమెకు అక్కర్లేకపోయింది.

కొట్రేశ్ మొదటిసారి తల ఎత్తాడు. కట్టల అడుగు నుంచి ఆమె ఫైలు లాగాడు. పేరు ఎక్కించి, ముద్ర కొట్టి, కాగితం చేతికిచ్చాడు.

“ఇంక ఆ తొమ్మిదీ ఒప్పేసుకోమ్మా.”

గౌతమి కాగితాన్ని రెండుసార్లు చదివి సంచిలో పెట్టుకుంది. ఫోనూ అందులోనే వేసుకుంది.

“మూడు దినాలు బిట్టు చూడప్పా,” అంది.