తోక అక్షరం

ఆ కవి పేరు వింటేనే గెదాల్యాకు ఒళ్ళు మండుతోంది.

తల్ అట. హిబ్రూలో మంచు అని. అసలు పేరెవరికీ తెలియదు. పత్రికాఫీసుకి కవితలు పోస్టులో వస్తాయి. గెదాల్యా కంపోజిటరు. సీసపు అక్షరాలు ఏరి పేరుస్తాడు. అచ్చయిన వారానికల్లా జాఫా అంతా అవే పాడుకుంటుంది.

ఊరు పాడుకోనీ. తన భార్య పెనీనా ఎందుకు పాడాలి? అదీ అచ్చు కాకముందే.

"ఈ పాట ఇంకా ప్రెస్సులోనే ఉంది. నీకెలా తెలుసు?"

"మీరే నిద్రలో గొణిగారేమో," అని నవ్వింది, మసిపట్టిన స్టవ్వు తోముతూ.

ఆ నవ్వుతో అతనికి నిద్ర కరువైంది.

కొత్త కవిత మరీ ఘోరం. 'నల్లబడిన నీ వేళ్ళ కోసం కిటికీ దగ్గర కూర్చుంటాను.' మసి వేళ్ళు ఎవరివో తనకి తెలియదా? సిరా చేత్తోనే నుదురు తుడుచుకుని, కసికొద్దీ ప్రూఫు దిద్దాడు.

"ఈ మహాకవికి వ్యాకరణం రాదండీ," అన్నాడు సంపాదకుడు హిర్ష్‌తో. "ప్రతిసారీ 'కూర్చుంటాను'కి చివర ఒక అక్షరం తోకలా తగిలిస్తాడు. నేనే కోసేస్తున్నా."

"హిబ్రూ మాట్లాడటం అందరికీ కొత్తేగా. కోసెయ్," అన్నాడు హిర్ష్. తర్వాతి వారమే ఉత్తరం చూపించాడు. "నీ కోతకి తల్ గారికి కోపమొచ్చింది. శనివారం సాయంత్రం తామే వచ్చి చదువుతారట."

రానీ. మొహం చూడాలి. పెనీనా ఆ మొహంకేసి ఎలా చూస్తుందో కూడా చూడాలి. ఆ తర్వాత ఈ కాపురం ఉంటుందో ఊడుతుందో.

శనివారం ఆమె కొత్త శాలువా కప్పుకుంది.

"నువ్వూ వస్తున్నావా?"

"నేను రాకపోతే ఎలా?"

గ్రంథాలయం హాలు కిక్కిరిసింది. గెదాల్యా కుర్చీలో కుదురుగా ఉండలేకపోయాడు. గుమ్మంలోకి వచ్చిన ప్రతి మగాణ్ణీ ఎగాదిగా చూశాడు. ఈ గడ్డంవాడా? ఆ పొడుగువాడా?

"తల్ గారూ, వేదిక మీదికి రండి," అని పిలిచాడు హిర్ష్.

గెదాల్యా పిడికిళ్ళు బిగించాడు.

అతని పక్కనుంచి లేచి వేదికెక్కిన పెనీనా, సిరాతో నల్లబడ్డ అతని వేళ్ళకేసే చూస్తూ, "కూర్చుంటాను" దగ్గర ఆగి, హిబ్రూలో ఆడవాళ్ళ నోట మాత్రమే రావలసిన ఆ చివరి అక్షరాన్ని ఒత్తి పలికింది.