మరుగుదొడ్డికి ఎర్ర రిబ్బను

"అమ్మా, ఆ తలుపు ముట్టుకోవద్దు! ముఖ్య అతిథి వచ్చి రిబ్బను కత్తిరించాలె," అంటూ శిబిరం నిర్వాహకుడు అడ్డంగా నిలబడ్డాడు.

పద్మావతమ్మ పొట్ట పట్టుకుని ఆగిపోయింది. విరేచనం ఆపుకోలేని జబ్బుకి కొత్త వైద్యం మీద పరిశోధన చేస్తున్నామని, రోగులు రావాలని పిలిస్తే, ఇంట్లో భద్రాచలం దర్శనానికని చెప్పి ములకలపల్లి వచ్చిందామె. ఇక్కడ ఉన్న ఒక్క మరుగుదొడ్డికీ ఎర్ర రిబ్బను కట్టేశారు. అవతల మైకులో డాక్టరు అరుస్తున్నాడు: "ఈ రోగులను ఒక్క నిమిషం కూడా ఆపకూడదు!"

"అతిథి ఎక్కడున్నారయ్యా?"

"ఏన్కూరు దాటిన్రంట. జర ఓపిక పట్టండి."

"పట్టే ఓపికుంటే ఈడికెందుకొస్తం సారూ?" అంది వెనకనుంచి ఒక గొంతు.

పద్మావతమ్మ తిరిగి చూసింది. తన మిరప చేలో కూలికొచ్చే ముత్తక్క!

"నువ్వేంటే ఇక్కడ?"

"చిన్నోడు పుట్టినకాడ్నుంచి నాకు గిదే బాధ అమ్మా. మరి మీరు?"

పద్మావతమ్మకు మిరప కోతలు గుర్తొచ్చాయి. కోత మధ్యలో ముత్తక్క గట్టు వైపు ఉరికినప్పుడల్లా పనిదొంగవని తిట్టి, పట్టిన సాలు చివరికి చేరేదాకా కదలనిచ్చేది కాదు తను.

పద్మావతమ్మ రిబ్బను పట్టుకుని ఫట్టున తెంపింది.

"అయ్యో, ప్రారంభోత్సవం!" నిర్వాహకుడు లబోదిబోమన్నాడు.

"అయిపోయింది, చప్పట్లు కొట్టు," అని పద్మావతమ్మ తలుపు తీసింది. "పో ముత్తక్కా, ముందు నువ్వు."

"మీకు ఆగదేమో అమ్మా!"

"ఆగకపోతే నా చీర ఒక్కటే పాడవుతుంది. నీవి ఎన్ని పాడుచేయించానో! పో, జల్దీ."