కత్తిరించిన మొదలు

ఆమె అంగట్లోకి రాలేదు. గడపకాడే నిలబడి పేపరు ముక్క ఒకటి చాపింది.

అందులో అంగడాయన చెంగల్రాయలు ఫోటో ఉండాది. గుడియాత్తంలో పాత వీడియో క్యాసెట్లు ఒక్కటీ పారెయ్యకుండా కాపాడిన మనిషని మొన్న అరవ పేపర్లో వేసినారు.

"నేనేమ్మా. ఏం గావాల?"

ఆమె మాట్లాడలేదు. ముసలామె. మెడచుట్టూ తెల్లటి తుండు చుట్టుకోనుంది. చేతిలో గుడ్డసంచి, దానిమీద 'లోకేశ్వరి టైలర్స్, సత్తువాచారి, వేలూరు' అని అరవంలో అచ్చు.

లోపలికి వచ్చి, గోడనిండా ఉండే క్యాసెట్లలోనించి మదరాసు స్టూడియో వాళ్ళది ఒకటి తీసింది. గుండెకు ఆనించుకునింది. తర్వాత టీవీ వైపు చూపించింది.

"మూగామె మాదిరుండాది అన్నా," అన్నాడు టీ తెచ్చిన కుప్పుస్వామి. "ఫోన్లో లేని సినిమానా? దీనికోసం వేలూరు నుంచి బస్సెక్కిందా?"

"నోరు మూసుకోరా," అని చెంగల్రాయలు క్యాసెట్టు ఆడించే డెక్కు ఆన్ చేసినాడు.

ఆ స్టూడియో అంటే ఆయనకు భక్తి. ఇండ్లలోకి టీవీలు వస్తావుండిన కాలంలో, టెంటు కొట్టాయిలో ఆడేసిన సినిమాను ఇంటింటికీ పంపాలని వాళ్ళు వీడియో విభాగం పెట్టినారు. అరవదేశంలో ఉండే తెలుగోళ్ళకని వేరేగా క్యాసెట్లు వేసినారు. సీడీలు వచ్చినాక విభాగం మూసేసి, మిగిలిన సరుకంతా గోతిలో పూడ్చినారని వినికిడి.

తెరమీద సినిమా మొదలైంది. హీరో ఎద్దులబండి తోలుకుంటా వచ్చినాడు.

ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. వేలు వెనక్కి తిప్పింది.

"వెనక్కా? వెనక ఏముండాదమ్మా? ఇదే మొదలు."

ఆమె ఇంకోటి తీసిచ్చింది. అదీ అంతే. ఇంకోటి. అదీ అంతే.

"ఏం గావాలో రాసి చూపించమ్మా," అన్నాడు కుప్పుస్వామి.

ఆమె బొటనవేలు ఎత్తి చూపి, నవ్వింది. వేలిముద్ర మనిషి.

"సినిమా వద్దంట, మొదలు గావాలంట! ఏం చేసినావన్నా మొదలు?"

"కత్తిరించినా. అందరూ తిప్పి తిప్పి ముందరే టేపు నలిగిపోతుంది. నలిగిన టేపు డెక్కును చెడగొడుతుంది. అందుకే ముందర నాలుగు మూరలు కత్తిరించి మళ్ళా అతికిస్తా. పోయేది కంపెనీ బొమ్మ, కంపెనీ మాటలే గదా. సినిమా ఒక్క వేలెడు పోనీలేదు."

ఆ కత్తెరవల్లే క్యాసెట్లు ఇన్నేండ్లు బతికినాయని ఆయన గర్వం.

ఆమెకు చెవులు బాగానే వినపడతాయి. అక్కడే కూలబడిపోయింది.

కొంచేపటికి తలెత్తి, గొంతు మీద చెయ్యి పెట్టుకునింది. టీవీని చూపించింది. మళ్ళా గొంతు. మళ్ళా టీవీ.

"దప్పికేమో పాపం," అని చెంగల్రాయలు చెంబుతో నీళ్ళిచ్చినాడు.

ఆమె ఆయన మొగం కేసి చూసింది. ఆ నీళ్ళు గుటక గుటకకూ కండ్లు మూసుకుంటా తాగింది. చెంబు తిరిగిచ్చి, దండం పెట్టి పోయింది.

మధ్యాన్నం అన్నం తింటా ఈ సంగతి భార్య రుక్మిణమ్మతో చెప్పినాడు.

"అన్నీ కత్తిరించినారు గానీ, నాది కత్తిరించలేదు గదా," అన్నింది ఆమె.

"నీదా?"

"ఆ స్టూడియో క్యాసెట్టు ఒకటి పెట్టెలో చీరల కింద ఉండాది. మీ కత్తెరకు బయపడి దాచిపెట్టినా. మొదట్లో ఒకామె మాట్లాడుతుంది, అది నాకిష్టం. తెలుగు చదవను రానిదాన్ని. సినిమాలో ఉండేవాళ్ళ పేర్లన్నీ మా ఇంటి మనిషి మాదిరి చెబుతుంది."

"నాతో ఎప్పుడూ చెప్పలేదే!"

"మీరు నోరు తెరిచి అడిగితే గదా! పొండి, ఆయమ్మకు ఇచ్చేసి రాండి. నేను విన్నకాడికి చాలు."

ఆ దినమే పోయుంటే సరిపోయుండేది.

చెంగల్రాయలు పోలేదు. డెక్కు బెల్టు వదులై ఉండాది. ఉన్న ఒక్క క్యాసెట్టునూ అది నమిలేస్తుందేమోనని కొత్త బెల్టుకు చెప్పి పంపి, కాచుకున్నాడు.

బెల్టు వచ్చినాక డెక్కును గోనెసంచిలో కట్టుకోని వేలూరు బస్సెక్కినాడు.

సంచిమీద చూసిన గుర్తుతో పోతే, సత్తువాచారిలో టైలర్ అంగడి మూసుండాది. పక్కనే ఇల్లు. ఇంటి ముందర షామియానా విప్పుతా ఉన్నారు. బాడుగ కుర్చీలు ఆటోలోకి ఎక్కిస్తా ఉన్నారు.

వాకిట్లో పాడె పూలు చెదిరుండాయి. ఆయన గోనెసంచి కిందికి దించినాడు.

"ఎవరు గావాల తాతా? నేను లోకేశ్వరి," అంటా ఒక ఆడపిల్ల వచ్చింది. ఏడ్చి ఏడ్చి కండ్లు వాచినాయి.

"గుడియాత్తం నుంచి వస్తావుండా అమ్మా. మీ అంగడి సంచితో మాటరాని అవ్వ ఒకామె వచ్చి క్యాసెట్టు అడిగింది."

"అవ్వా? గుడియాత్తానికి వచ్చిందా? ఆ పేపరు నేనే చదివి చెప్పినా! మాతో చెప్పకుండానే పోయిందా!"

లోపల గోడకు ఆనుకోని కూర్చునుండిన లోకేశ్వరి తల్లి వళ్ళి లేచి వచ్చింది. ఆయన చేతిలో క్యాసెట్టును చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది.

"వెయ్యండయ్యా," అన్నింది.

పాత టీవీకి డెక్కు తగిలించినాడు. కంపెనీ బొమ్మ వచ్చింది. దాని వెనకాలే, బెల్లం మాదిరి ఒక గొంతు.

"అమ్మలారా, అయ్యలారా, అందరూ కూసున్నారా? పొయ్యిమింద పాలు పెట్టి మరిచిపోయినావేమో, పోయి దించుకోని రా తల్లీ. మేము కాచుకోనుంటాం."

బయట కుర్చీలు ఎత్తుతావుండిన మనిషి కూడా నిలిచిపోయినాడు.

లోకేశ్వరి ఆ ఏడుపులోనే నవ్వింది. "ఎవరమ్మా ఈమె? ఎంత ముద్దుగా మాట్లాడుతుంది!"

వళ్ళి టీవీకి నుదురు ఆనించింది.

"నువ్వు పుట్టకముందు, ఆసుపత్రిలో గొంతు తీసెయ్యకముందు, మీ అవ్వ ఇట్లా మాట్లాడేది పాపా."