వీధి పాట

చెవిలో పెట్టుకుని పాట వినే బిళ్లలు వచ్చాక ఎవరి పాట వారికే వినిపిస్తోంది. ఎవరి అడుగును బట్టి వారికి బిళ్ల పాట వేగం మార్చేస్తుంది. దాంతో మా వీధి కోలాటంలో కర్రలు వేళ్లకు తగులుతున్నాయి.

"ఇక మానేద్దాం పిన్నీ," అంది చంద్రకళ వాచిన వేలు చూపిస్తూ.

కోలాటం నేర్పే మాణిక్యమ్మ పిన్ని వినలేదు. మూలనపడ్డ హోమ్ థియేటర్ స్పీకర్లు తెప్పించి మా చుట్టూ పెట్టించింది. ఒక్కో స్పీకరులోంచి ఒక్కో శబ్దం రావడంతో కొందరికి డోలే వినిపించింది, కొందరికి గొంతే. మళ్లీ వేళ్లే నలిగాయి.

"స్పీకర్లన్నీ మన నడిమధ్య దీపం దగ్గరికి చేర్చండే! బిళ్లలు తీసి ఈ గిన్నెలో పడేయండి!" అంటూ పిన్ని ఓ గిన్నె ముందుకు చాపింది.

ఈసారి కర్రలన్నీ ఒక్కసారే టక్కుమన్నాయి. ఎదురింటి పాప పరుగెత్తుకొచ్చి వాళ్లింటి గడపలో ఆగిపోయింది.

"అమ్మా, వాళ్ల పాట నాకూ వినిపిస్తోందే!"