మళ్లీ వచ్చే ప్రశ్నలు

“ఆవిడకి ఏ చెవి సరిగ్గా వినిపించదు?” అని ఫోను అడిగింది.

“ఎడమది” అన్నాడాయన, చీకట్లో రాయి విసిరినట్టు.

తెర ఎర్రబడింది. తప్పు.

లాయరు ఆఫీసు పై అంతస్తులో ఇరుకు గది అది. ఎల్లుండి వీసా అధికారి ఆయన్నీ ఆవిడనీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒకరి గురించి ఒకర్ని అడుగుతాడు. జవాబులు కలిస్తే మొగుడూ పెళ్లాలేనని ఒప్పుకుని ఆవిడని ఈ దేశంలో ఆయనతో ఉండనిస్తారు. కలవకపోతే ఆవిడని వెనక్కి పంపేస్తారు.

ప్రశ్నలు నేర్పే అమ్మాయి ఆ ఫోను ఆటని తనే తయారుచేసింది. జవాబు వచ్చిన ప్రశ్న దూరంగా వెళ్లిపోయి, సరిగ్గా మరిచిపోబోయే వేళకి మళ్లీ పలకరిస్తుంది. జవాబు రాని ప్రశ్న పిలవని చుట్టంలా మాటిమాటికీ గుమ్మం తొక్కుతుంది.

ఆయన గుమ్మం ఏ ప్రశ్నా దిగడం లేదు.

పోనీ మతిమరుపు మనిషా అంటే కాదు. లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్లో ఏ లిఫ్టు ఏ అంతస్తులో మొరాయిస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆవిడ టీలో పంచదార వేసుకుంటుందా అంటే మాత్రం నీళ్లు నమిలాడు.

“పిన్నిగారు మొదటిరోజే అన్నీ అప్పజెప్పేశారు. మీ చొక్కా కొలతతో సహా” అంది అమ్మాయి. “మీరేంటి బాబాయ్‌గారూ, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే?”

ఆవిడ కిటికీ పక్కన, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ఉండండి, ఆటని కాస్త మార్చాను. తప్పిన ప్రశ్నకి జవాబు ఇకనుంచి, మొదటిరోజు రికార్డు చేసిన ఆవిడ గొంతుతోనే వస్తుంది.”

నొక్కింది.

“నాకు కుడి చెవి వినిపించదు” అంది ఫోనులోంచి ఆవిడ గొంతు. “అటునుంచి పిలిస్తే పలకను. పొగరనుకుంటారు.”

ఆయన మొహం వేడెక్కింది. ఆవిడ వైపు చూడబోయి, చూపు చెప్పుల మీదికి దించుకున్నాడు.

“ఆవిడకి దేనంటే భయం?” అని మళ్లీ అడిగింది ఫోను.

“ఆవిడకి… భయమా?”

అమ్మాయి నవ్వబోయి ఆగింది. ఫోను బల్లమీద బోర్లించి, గొంతు తగ్గించింది.

“ఒక్కమాట. మీ ఫైలు నేను చూడలేదు, నా పని ప్రశ్నలవరకే. కానీ చూస్తేనే తెలిసిపోతోంది. ఇలాంటి జంటలు ఇక్కడికి వస్తూనే ఉంటాయి. దొంగ పెళ్లయితే ఇప్పుడే చెప్పేయండి. మా లాయరుగారు అలాంటి కేసు ముట్టుకోరు. ఫైలు వెనక్కి ఇప్పించేస్తాను.”

“అది కాదమ్మా…”

మాట రెండంతస్తుల మధ్య ఆగిన లిఫ్టులా గొంతులోనే ఇరుక్కుంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అది చెప్పడం కన్నా దొంగ అనిపించుకోవడమే నయమనిపించింది. తలొంచుకున్నాడు.

అమ్మాయి నిట్టూర్చి లేచింది. తలుపు దాకా వెళ్లింది.

ఆవిడ సంచి కింద పెట్టి, గబగబా వచ్చి అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

“ఫైలు వెనక్కి ఇప్పించకమ్మా, ముగ్గురు పిల్లల్ని కని పెళ్లిళ్లు కూడా చేశాం, కాకపోతే ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్నడిగిన ప్రశ్న ‘వంటయిందా’ అన్నదొక్కటే.”